మఱుగున పడిన పేరు

బొమ్మల కథాపుస్తకము చేతికి వచ్చినప్పుడు పాఠకుడు మొదట బొమ్మలను చూచును; పిదప కథను చదువును. ఆ కథను కల్పించిన దెవరో, ఆ బొమ్మలను గీసిన దెవరో యని విచారించువారు మిక్కిలి తక్కువ. చలనచిత్రముల విషయమునను ఇంతే. తెరపై కన్పట్టు పేర్ల పట్టికను శ్రద్ధతో చదువువారు అరుదు. కాని ఆ పట్టికలో ఒక పేరు చేరుట, చేరకపోవుట అను దానితో ఒక మనుష్యుని జీవితమంతయు ముడిపడి యుండవచ్చును. అమెరికా దేశపు రచయిత బిల్ ఫింగర్ చరిత్రమే ఇందుకు తార్కాణము.

1938వ సంవత్సరమున సూపర్‌మాన్ అను వీరుని చిత్రకథ అమెరికాలో వెలువడి అపారమైన ఆదరణమును పొందెను. అది చూచి, అట్టి వీరుడు మఱియొకడు కావలెనని ప్రకాశకులు కోరిరి. న్యూయార్కు నగరమునందలి బాబ్ కేన్ అను యువచిత్రకారుడు ఆ పనికి పూనుకొని, గబ్బిలమును పోలిన వీరునొకని ఊహించి, బ్యాట్‌మాన్ అని పేరిడెను. తొలిబొమ్మలో ఆ వీరుడు ఎఱ్ఱని దుస్తులు ధరించి, కన్నులకు మాత్రము చిన్న ముసుగు కట్టుకొని, వీపున బిఱుసైన రెక్కలతో నుండెను.

కేన్ ఆ బొమ్మను తన మిత్రుడగు బిల్ ఫింగర్‌నకు చూపెను. ఫింగర్ పాదరక్షలు విక్రయించు పని చేయుచు, రచయిత కావలెనని ఆశపడుచుండిన యువకుడు. అతడు బొమ్మను పరిశీలించి, రెక్కలకు మాఱుగా వ్రేలాడు వస్త్రమును, చిన్న ముసుగునకు మాఱుగా చెవులు గల శిరస్త్రాణమును, చేతులకు తొడుగులను సూచించెను. రాత్రివేళ సంచరించు వీరునకు ఎఱుపు తగదనియు, బూడిద, నలుపు వన్నెలే తగుననియు చెప్పెను. నేడు లోకమెల్ల గుర్తించు రూప మిట్లు ఏర్పడెను. 1939 మే నెల సంచికలో వెలువడిన తొలికథను వ్రాసినవాడును ఫింగరే. వీరునకు బ్రూస్ వేయిన్ అను అసలు పేరు పెట్టినవాడు నతడే. వీరుడు నివసించు నగరమునకు తగిన పేరు కొఱకు వెదకుచు, టెలిఫోను పుస్తకమున ఒక నగల దుకాణపు పేరు చూచి, గోథమ్ అను పేరును గ్రహించెను.

ఇంత చేసినను పుస్తకముపై ఫింగర్ పేరు లేదు. అతడు మొదట కేన్ వద్ద ప్రతిఫలము పుచ్చుకొని వ్రాయువాడుగా నుండెను. ప్రకాశకులతో ఒడంబడిక చేసికొన్నవాడు కేన్ ఒక్కడే. అందువలన సృష్టికర్తగా కేన్ పేరు మాత్రమే అచ్చగుచు వచ్చెను. ఇతర చిత్రకారులు గీసిన బొమ్మలును చిరకాలము కేన్ పేరుతోడనే వెలువడెను.

1965లో న్యూయార్కున చిత్రకథాభిమానులు జరిపిన సభలో ఫింగర్ పాల్గొనెను. ఆ యేడే జెర్రీ బెయిల్స్ అను అభిమాని, ఫింగర్ వలన విన్న సంగతులను వ్యాసముగా వ్రాసెను. కేన్ దానిని ఖండించుచు, బ్యాట్‌మాన్ తన యొక్కని సృష్టియే యని లేఖ వ్రాసెను. ఫింగర్ వివాదమునకు దిగలేదు. ధనమునకు ఇబ్బంది పడుచునే అతడు 1974 జనవరిలో, తన 59వ యేట మరణించెను.

1989లో కేన్ తన ఆత్మకథను ప్రకటించెను. అందులో, ఫింగర్‌నకు రావలసిన కీర్తి రాలేదని అతడే అంగీకరించెను. కాని ఆ మాట వినుటకు ఫింగర్ అప్పటికి లేడు. ఆ సంవత్సరమే విడుదలయైన బ్యాట్‌మాన్ చలనచిత్రమునను సృష్టికర్తగా కేన్ పేరే యుండెను.

అయినను సత్యమును మఱువని వారు కొంద ఱుండిరి. యౌవనమున వారితో కలిసి పనిచేసిన చిత్రకారుడు జెర్రీ రాబిన్సన్ పూనికతో, తగిన గుర్తింపు పొందని రచయితలకు ఇచ్చుటకై 2005లో ఫింగర్ పేర ఒక పురస్కార మేర్పడెను. మార్క్ టైలర్ నోబుల్‌మన్ అను రచయిత ఏండ్ల తరబడి అన్వేషించి, 2012లో ఫింగర్ జీవితమును బాలురకు గ్రంథముగా రచించెను. ఫింగర్‌నకు మనుమరా లొకతె కలదని ఈ అన్వేషణముననే తేలెను. ఆమెయు న్యాయము కోరెను. తుదకు 2015లో ప్రకాశకులు సమ్మతించిరి. 2016లో విడుదలయైన చలనచిత్రమున కేన్ పేరు ప్రక్కన ఫింగర్ పేరును చేరెను. తొలికథకు అప్పటికి 77 సంవత్సరములు నిండవచ్చెను. 2017లో న్యూయార్కునందలి బ్రాంక్స్ ప్రాంతమున, మిత్రులిద్దఱును కథలను గుఱించి ముచ్చటించుకొనిన పో ఉద్యానము చెంత, ఒక వీధికి ఫింగర్ పేరిడిరి.

ఈ చరిత్రమున కేన్ చేసినది ఏమియు లేదనుట న్యాయము కాదు. తొలి ఊహయు, పూనికయు అతనివే. కాని ఇద్దఱు నాటిన చెట్టునకు ఒక్కని పేరే పెట్టుటలో సత్యము సగమే నిలుచును. ఒక పనికి వేతనము వేఱు, హక్కు వేఱు, పేరు వేఱు. వేతనము నాటితో ఖర్చగును, హక్కును విక్రయింపవచ్చును, ఈ పని చేసినవాడు వీడు అను సత్యమును మాత్రము ఏ ఒడంబడికయు మార్పజాలదు. తోడు నిలిచినవాని పేరును, అతడు వినుచుండగనే చెప్పుట మిత్రధర్మము.