బావరి భయం, బుద్ధుని సమాధానం: బాణామతి సమస్యపై ఒక పరిశీలన

పాళీ గ్రంథమైన సుత్తనిపాతం ప్రకారం, అస్సక (అశ్మక) ప్రాంతంలో గోదావరి తీరాన నివసించిన బావరి అనే బ్రాహ్మణ గురువు, 500 నాణేలు ఇవ్వలేకపోయినందుకు ఏడో రోజున తల ఏడు ముక్కలవుతుందని ఒక యాచకుడు పెట్టిన శాపానికి కుంగిపోయి, 16 మంది శిష్యులను బుద్ధుని వద్దకు పంపాడు. ఆ నివాసం పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని బాదనకుర్తి అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. పగిలేది అవిద్య అనే తల, పగలగొట్టేది విద్య అన్న బుద్ధుని సమాధానం బావరి భయాన్ని తొలగించింది.

బాణామతి, అంటే చేతబడి, చేశారన్న అనుమానంతో అమాయకులపై దాడులు, హత్యలు జరిగిన ఉత్తర తెలంగాణ పల్లెలకు ఇంతకన్నా దగ్గరి బౌద్ధ పాఠం లేదు. దయ్యాల ప్రస్తావనకు దూరంగా ఉన్న చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) బోధించిన 'రెన్', అంటే తోటి మనిషిపట్ల కరుణ, ఇక్కడ తోడవుతుంది: బిడ్డ జ్వరానికి పొరుగింటి ముసలమ్మను నిందించకుండా, ఆ బిడ్డను ఆసుపత్రికి చేర్చి, ఆమెకు ఊరు అండగా నిలవాలి.