వెనక సీటు బరువు

ప్రశ్న: నాది ఎనిమిదేళ్ల స్ప్లెండర్ ప్లస్. ఒక్కడినే వెళ్తే ఏ ఇబ్బందీ లేదు. మా ఆవిడ ఎక్కిందంటే చాలు, స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక ధన్‌మని కొట్టుకుంటుంది. నేను 82 కిలోలు, ఆవిడ 61. గ్యాస్ షాకప్సర్లు వేయించుకోమని మెకానిక్ అంటున్నాడు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఒక కూడిక చేద్దాం. మీ ఇద్దరూ కలిసి 143. హెల్మెట్లు, కూరగాయల సంచీ వేసుకుంటే 150కి దగ్గర. మీ బండి మాన్యువల్ తెరవండి, గరిష్ఠ లోడు 130 కిలోలని ఉంటుంది. (మీ ఆవిడను ఏమీ అనకండి, 82 మీది.) ఎంత ఖరీదైన షాకప్సర్లు బిగించినా ఆ 130 పెరగదు. ఫ్రేమూ బ్రేకులూ పాతవే కదా. ఇద్దరూ ఎక్కినప్పుడు నెమ్మదిగా పోవడం ఎలాగూ తప్పదు.

ఇక పైసా ఖర్చు లేని పని. షాకప్సర్ కింది భాగంలో మెట్లు మెట్లుగా ఉన్న రింగు చూశారా? అయిదు మెట్లుంటాయి. చాలామంది బండి కొన్ననాటి నుంచి దాన్ని ముట్టుకోరు. స్పానర్‌తో రెండు వైపులా ఒకే మెట్టుకు బిగించండి. దానివల్ల స్ప్రింగు గట్టిపడదు, బండి వెనక భాగం కాస్త పైకి లేస్తుంది, కిందికి దిగడానికి చోటు మిగులుతుంది. అంతే.

ఎంత దిగుతోందో కొలవడం తేలిక. బండి సెంటర్ స్టాండ్ మీద ఉండి వెనక చక్రం గాల్లో ఉన్నప్పుడు యాక్సిల్ నుంచి సీటు కింద సుద్దతో పెట్టిన గుర్తు దాకా టేపుతో కొలవండి. తర్వాత స్టాండ్ తీసి, ఇద్దరూ ఎక్కి కూర్చుని ఇంకొకరి చేత మళ్లీ కొలిపించండి. రెండు కొలతల మధ్య తేడా, చక్రం మొత్తం కదిలే దూరంలో మూడో వంతు చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టే. రింగు ఆఖరి మెట్టులో ఉన్నా సగం దాటి దిగుతోందంటే మాత్రం స్ప్రింగు పని అయిపోయింది, లేదా మీ బరువుకు అది చాలదు.

షాకప్సర్లలోని నూనె సంగతి కూడా చూడండి. సీటు వెనక భాగాన్ని గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగిపోవాలి. రెండు మూడుసార్లు ఊగినా, రాడ్డు మీద జిడ్డు కనబడినా లోపల డ్యాంపింగ్ పోయినట్టే. ఎనిమిదేళ్ల బండికి చిమ్టా (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చట్రం) బుష్‌లు కూడా అరిగి ఉండొచ్చు. వెనక చక్రాన్ని పక్కలకు లాగితే ఆట తెలిసిపోతుంది. బుష్ అరిగిన బండికి కొత్త షాకప్సర్ వేసినా ఊపు పోదు.

ఇవన్నీ చూశాక మార్చాలనిపిస్తే జతగా మార్చండి, ఒక్కటి కాదు. పై కన్ను నుంచి కింది కన్ను దాకా పొడవు పాతదానితో సరిపోవాలి. గ్యాస్ షాకప్సర్ పక్కన బుడ్డి కనిపించగానే మంచిదని మోసపోకండి. అందులో నైట్రోజన్ ఉండేవి ఉన్నాయి, చూపుకు మాత్రమే ఉన్నవీ ఉన్నాయి. మీరు అడగాల్సింది స్ప్రింగు ఎంత బరువుకు తగినదని. బిగించాక ఇద్దరూ కూర్చుని చెయిన్ వదులు చూడండి, బరువుకు చిమ్టా కదిలి చెయిన్ బిగుసుకుంటుంది. వెనక టైరులో గాలి మాన్యువల్‌లో ఇద్దరికి రాసిన లెక్క ప్రకారం పెట్టించండి.

ప్రశ్న: కొత్త షాకప్సర్లు వేయించాను. ఇద్దరం వెళ్తే హాయిగా ఉంది, ఒక్కడినే వెళ్తే నడుం విరుగుతోంది. మోసపోయానా?
– మరొక పాఠకుడు, అనంతపురం

జవాబు: మోసపోలేదు. ఇద్దరి బరువుకు తగిన స్ప్రింగు ఒక్కరికి గట్టిగానే ఉంటుంది. రింగును కింది మెట్టుకు దించి, వెనక టైరు గాలి ఒక్కరి లెక్కకు తగ్గించండి. రోజూ ఒంటరిగా తిరిగి, వారానికోసారి మాత్రమే ఇద్దరూ వెళ్తుంటే పాతవే నయం. వాటిని పారేయలేదు కదా?