శాంపిలింగ్ అంటే భయమెందుకు?

తెలుగు మీడియంలో పౌనఃపున్యం అని చదువుకుని ఇంజనీరింగ్‌లో చేరిన మాకు, ఫ్రీక్వెన్సీ అన్నా అదేనని తెలియడానికే వారం పట్టింది. ఇక డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ పేపరు సంగతి చెప్పాలా! నైక్విస్ట్ సూత్రం బట్టీపట్టి రాశాం. మా గదిలో ముగ్గురం తప్పాం. సప్లిమెంటరీకి చదివేటప్పుడు సూత్రం పక్కనపెట్టి అంకెలు వేసి చూశాం. తమ్ముళ్లూ, మీరూ కాగితం తీసుకోండి.

ల్యాండ్‌లైన్ డిజిటల్ టెలిఫోన్‌లో మాటను సెకనుకు 8000 సార్లు కొలుస్తారు. ఆ కొలతలే శాంపిళ్లు. 3000 హెర్ట్జ్‌ల కొసైన్ తరంగాన్ని అలా కొలిస్తే వరుసగా 1, -0.707, 0, 0.707, -1 వస్తాయి. ఇప్పుడు 5000 హెర్ట్జ్‌ల తరంగానికి వేయండి. అవే అంకెలు! లెక్క తప్పిందేమోనని మేం రెండుసార్లు వేశాం. తప్పలేదు. 8000లో సగం 4000. దాన్ని దాటిన 5000 హెర్ట్జ్‌ల తరంగం, 8000లోంచి 5000 పోగా మిగిలిన 3000 వేషంలో కనిపిస్తుంది. ఇదే ఏలియాసింగ్.

అంకెలు ఒకటే అయ్యాక అసలుది ఏదో ఏ కంప్యూటరూ చెప్పలేదు. బియ్యంలో రాళ్లు మర పట్టించకముందే ఏరాలి, పిండయ్యాక ఏరగలమా? అందుకే అనలాగ్ ఫిల్టర్ శాంపిలింగ్‌కు ముందే ఉండాలి. పరీక్షలో మేం దాన్ని తర్వాత గీసి వచ్చాం! ఆ టెలిఫోన్‌లో సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల వరకే పోనిస్తారు. 'స'లోని బుస చాలావరకు అంతకు పైనే ఉంటుంది కనుక ఎస్, ఎఫ్ అక్షరాల తేడా సరిగా వినపడదు.

మరి 7000 హెర్ట్జ్‌ల తరంగం ఏ వేషంలో వస్తుంది? వేసి చూసి, రాత్రి స్టడీ అవర్‌లో మా గదికి రండి.