ముందు పెరగనివ్వాలి: మేపుల్ బోన్సాయ్ నుంచి ఒక పాఠం

ఇంటర్ ఫస్టియర్‌లో ఉన్నప్పుడు నర్సరీలో 150 రూపాయలు పెట్టి ఒక ఫైకస్ మొక్క కొన్నాను. మన రావికీ జువ్వికీ చుట్టం అది. దాన్ని బోన్సాయ్ చేయాలని నా ప్లాన్. బోన్సాయ్ అంటే చెట్టుని పెరగనివ్వకుండా కత్తిరిస్తూ ఉండటమే అనుకున్నాను. అందుకని చిన్న ట్రేలో పెట్టి, కొత్త చిగురు కనిపిస్తే చాలు, ప్రతి ఆదివారం కట్ చేసేవాణ్ణి. అలా రెండేళ్లు. రెండేళ్ల తర్వాత కూడా దాని కాండం పెన్సిల్ అంతే ఉంది. చావలేదు, పెరగలేదు.

న్యూజెర్సీలో ఉండే మా మామయ్య వీడియో కాల్‌లో దాన్ని చూసి, "చివరి చాప్టర్ ముందు చదివేశావురా" అని నవ్వాడు. తర్వాత ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్లి తన జపనీస్ మేపుల్ చూపించాడు. అది మామయ్య కంటే పొడుగుంది. "ఇదేం బోన్సాయ్ మామయ్యా, చెట్టంత ఉంది!" అన్నాను. "ఇంకా కాలేదు. ఇప్పుడు మొదటి చాప్టర్‌లో ఉన్నాం" అన్నాడు.

ఆ చాప్టర్లు ఏంటో నాకు అర్థమైనంత వరకు ఈ వ్యాసంలో రాస్తున్నాను. నేను ఇంగ్లిష్ మీడియం. కొన్ని మాటలు అమ్మమ్మని అడిగి రాశాను, తప్పులుంటే సర్దుకోండి.

మేపుల్ ఎందుకు?

బోన్సాయ్ అనే జపాన్ మాటకి అర్థం పళ్లెంలో నాటిన మొక్క అని. కళ మొదలైంది చైనాలో, ఇప్పుడు మనకి తెలిసిన రూపం వచ్చింది జపాన్‌లో. అక్కడ బోన్సాయ్‌కి ఎక్కువగా వాడే చెట్లలో మేపుల్ ఒకటి. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. చేతివేళ్లలా చీలిన ఆకులుండేది జపనీస్ మేపుల్. మూడు కొనలున్న ఆకుండేది ట్రైడెంట్ మేపుల్. రెండూ చలికాలానికి ముందు రంగు మారి ఆకులు రాల్చేస్తాయి. అప్పుడు కొమ్మల అల్లిక మొత్తం బయటపడుతుంది. తప్పు చేస్తే దాచుకోవడానికి ఆకులు కూడా ఉండవన్నమాట.

మేపుల్ గురించి ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతావన్నీ సులువు. దీని ఆకులు ఎప్పుడూ జంటగా, ఎదురెదురుగా వస్తాయి. ఆకు పుట్టే చోటుని కణుపు అంటారని అమ్మమ్మ చెప్పింది, చెరకు గడకి ఉన్నట్టే. ప్రతి కణుపు దగ్గర రెండు ఆకులు, ఒక్కో ఆకు మొదట్లో ఒక్కో మొగ్గ. కొమ్మ కొసలో ఆక్సిన్ అనే హార్మోన్ తయారై కిందికి దిగుతూ ఉంటుంది. అది ఉన్నంతసేపూ కింది మొగ్గలు నిద్రపోతాయి. కొస కత్తిరిస్తే ఆ అడ్డు పోయి, కింద ఉన్న రెండు మొగ్గలూ లేస్తాయి. అంటే ఒక కొమ్మ రెండవుతుంది. మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఇది బైనరీ ట్రీ. అన్నీ బతికితే అయిదు రౌండ్లలో ఒక కొమ్మ 32 కొసలవుతుంది.

నేను చేసిన తప్పు కూడా ఇక్కడే ఉంది. కత్తిరింపు కొమ్మల సంఖ్యని పెంచుతుంది, లావుని పెంచదు. లావు రావాలంటే ఆకులు కావాలి. ఆకులు చేసిన ఆహారంతోనే బెరడు కింద కొత్త చెక్క పొర పడుతుంది. ప్రతి వారం ఆకులు కోసేస్తే ఆ పొర ఎక్కణ్ణుంచి వస్తుంది?

మొదటి దశ: మొదలు, వేళ్లు

మామయ్య మొక్క కొన్నది 2019 ఏప్రిల్‌లో. అప్పుడు తాతయ్య, అమ్మమ్మ అక్కడికి వెళ్లి ఉన్నారు. తాతయ్య నూజివీడు దగ్గర మామిడి తోట చూసుకున్న మనిషి. గుంట తవ్వింది ఆయనే. అడుగున ఒక ఫ్లోర్ టైల్ వేసి, దాని మీద వేళ్లని చుట్టూ చక్రంలా పరిచి మట్టి కప్పారు. టైల్ అడ్డుండటం వల్ల వేళ్లు నిలువుగా దిగకుండా పక్కలకి పాకుతాయి. కొన్నేళ్లకి మొదలు చుట్టూ వేళ్లు నేలని పట్టుకున్నట్టు కనిపిస్తాయి. దీన్ని జపాన్‌వాళ్లు నెబారి అంటారు. చిన్న చెట్టు ముసలి చెట్టులా కనిపించడానికి సగం కారణం ఇదే.

ఆ తర్వాత పని ఏంటంటే, ఏమీ చేయకపోవడం. నీళ్లు, ఎరువు, ఎండ. కొమ్మలు ఇష్టమొచ్చినట్టు పోతాయి, పోనివ్వాలి. ఏ కొమ్మ బాగా పొడుగ్గా పెరిగితే దాని కింది భాగం అంతా లావవుతుంది. చివరికి తీసేయడానికే పెంచే ఇలాంటి కొమ్మని త్యాగపు కొమ్మ అంటారు. నాకు మొదట్లో ఇది వింతగా అనిపించింది. ఆరేళ్లు పెంచేది నరకడానికా?

రెండో దశ: పెద్ద కోత

మొదలు కావలసినంత లావయ్యాక కాండాన్ని బాగా కిందికి నరికేస్తారు. లెక్క కోసం వాడే ఒక మోటు సూత్రం ఉంది. పూర్తయిన చెట్టు ఎత్తు, మొదలు లావుకి సుమారు ఆరు రెట్లు. మామయ్య చెట్టు మొదలు 6 సెంటీమీటర్లు, అంటే ఎత్తు 36 దగ్గర. మొదటి కోత అందులో మూడో వంతు దగ్గర, అంటే 12 సెంటీమీటర్ల ఎత్తులో. రెండున్నర మీటర్ల చెట్టులో మిగిలేది జానెడు కూడా కాదు!

కోత కింద మిగిలిన చిన్న రెమ్మల్లో ఒకదాన్ని కొత్త కాండంగా నిలబెడతారు. అది రెండు మూడేళ్లు స్వేచ్ఛగా పెరిగి, కింది భాగానికి దగ్గరగా లావవుతుంది. అప్పుడు దాన్నీ కొంచెం పైన నరుకుతారు. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే కాండం కింద లావుగా, పైకి పోనుపోను సన్నగా, చిన్న వంపులతో తయారవుతుంది. నున్నటి కర్రకి, చెట్టుకి తేడా ఇదే.

ఎప్పుడు నరకాలి అన్నది ముఖ్యం. శీతాకాలం చివర్లో వేళ్ల నుంచి రసం పైకి ఎక్కుతుంది. అప్పుడు కోస్తే మేపుల్ గాయం నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. అందుకే పెద్ద కోతలకి రెండు సమయాలు మంచివి. వసంతంలో వచ్చిన ఆకులు ముదిరాక, వేసవి మొదట్లో. లేదా ఆకులు రాలిపోయాక. కోసిన చోట పేస్ట్ పూస్తే తడి ఆరదు, గాయం అంచుల నుంచి కొత్త బెరడు మెల్లగా కమ్ముకొస్తుంది. పెద్ద గాయం పూడటానికి ఏళ్లు పడుతుంది. ఆ గాయం పూడేదీ ఎదుగుదల వల్లే. అందుకే పెద్ద కోతలన్నీ చెట్టు జోరుగా పెరిగే దశలోనే అయిపోవాలి.

తీగ చుట్టడం కూడా ఈ దశలోనే. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెత ఇక్కడ అక్షరాలా నిజం. లేత కొమ్మకి అల్యూమినియం తీగ చుట్టి వంచితే కొన్ని నెలల్లో ఆ రూపం నిలిచిపోతుంది. కానీ మేపుల్ బెరడు మెత్తన. ఎదిగే సీజన్‌లో కొన్ని వారాలు చూడకపోయినా తీగ బెరడులోకి దిగి, ఆ మచ్చ ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

మూడో దశ: సన్నని పని

నేను మొదటి రోజు నుంచే చేసిన పని నిజానికి ఈ దశది. కాండం, ముఖ్యమైన కొమ్మలు సిద్ధమయ్యాకే చెట్టు లోతు తక్కువ పళ్లెంలోకి వెళ్తుంది. ఇప్పుడు వేగం వద్దు, సన్నదనం కావాలి. ఈ దశలో గుర్తుంచుకోవలసినవి నాలుగు.

ఒకటి, వసంతంలో మొదటి జంట ఆకులు విచ్చుకోగానే వాటి మధ్య ఉన్న లేత కొసని గిల్లేయాలి. ఆలస్యమైతే కణుపుకీ కణుపుకీ మధ్య దూరం సాగిపోతుంది. సాగిన దూరం మళ్లీ తగ్గదు, వెనక్కి కోసి కొత్తగా పెంచుకోవాలంతే.

రెండు, ఒకే చోటు నుంచి మూడు నాలుగు కొమ్మలు వస్తే రెండే ఉంచాలి. లేకపోతే ఆ చోట కణితిలా ఉబ్బి, కొమ్మ కింద కంటే పైన లావుగా కనిపిస్తుంది.

మూడు, చెట్టు పై భాగం ఎప్పుడూ ఎక్కువ బలం లాక్కుంటుంది. పైన ఎక్కువగా, కింద తక్కువగా కత్తిరించాలి. వదిలేస్తే కింది కొమ్మలు బక్కచిక్కి చచ్చిపోతాయి.

నాలుగు, వేసవి మొదట్లో ప్రతి జంటలో ఒక ఆకు తీసేస్తే లోపలి మొగ్గలకి వెలుతురు తగులుతుంది, తర్వాత వచ్చే ఆకులు కూడా చిన్నవిగా వస్తాయి. ఇది బలంగా ఉన్న చెట్టుకే. కుండీ మార్చిన ఏడాది దీని జోలికి పోకూడదు. కుండీ మార్చడం వసంతం మొదట్లో, మొగ్గలు ఉబ్బుతున్నప్పుడు.

ఇప్పుడు మూడు దశలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి దశలో కావలసింది జోరు, మూడో దశలో కావలసింది నెమ్మది. ఈ రెండూ ఒక్క చెట్టులో ఒకేసారి కుదరవు. వరస తప్పితే వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. కోడ్‌లో అయితే పాత వెర్షన్‌కి పోవచ్చు. కోసిన కొమ్మకి అన్‌డూ లేదు.

ఒక మనిషి వయసు చాలదు

టోక్యోకి ఉత్తరాన సైతామా నగరంలో ఓమియా అనే చోట బోన్సాయ్ ఊరు ఉంది. 1923 లో వచ్చిన పెద్ద భూకంపం తర్వాత టోక్యో పెంపకందారులు కొందరు అక్కడికి తరలి 1925 లో ఆ ఊరు కట్టుకున్నారు. 2010 లో అక్కడ బోన్సాయ్ మ్యూజియం కూడా తెరిచారు. అమెరికాలో, వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్బోరేటమ్‌లో ఒక తెల్ల పైన్ బోన్సాయ్ ఉంది. మేపుల్ కాదు కానీ చెప్పాలి. దాన్ని 1625 నుంచి పెంచుతున్నారు. 1945 లో హిరోషిమా బాంబు దాడిని తట్టుకుంది. 1976 లో యమాకి అనే పెంపకందారు దాన్ని అమెరికాకి బహుమతిగా ఇచ్చారు. దానికి మొదట నీళ్లు పోసినవాళ్లు ఇప్పటి రూపం చూడలేదు. అయినా పోశారు.

ఇదంతా చదివినప్పుడు బాగానే అనిపించింది. అసలు అర్థమైంది మాత్రం ఈ జూన్‌లో.

మామయ్య పెద్ద కోత పెట్టుకున్న రోజు అది. అక్కడ పొద్దున తొమ్మిది, ఇక్కడ సాయంత్రం ఆరున్నర. తాతయ్య మోకాళ్లు బాగోక మళ్లీ అమెరికా వెళ్లలేకపోయారు. ఫోన్ స్టీలు గ్లాసుకి ఆనించి హాల్లో కూర్చున్నాం. కోత గీత కింద ఒక కణుపు, దానికి ఎదురెదురుగా రెండు రెమ్మలు. ఒకటి కొత్త కాండం అవుతుంది, ఇంకోటి మొదటి కొమ్మ. "ఏది నిలబెట్టమంటావు నాన్నా?" అని మామయ్య అడిగాడు. ఫోన్ అటూ ఇటూ తిప్పించి తాతయ్య చాలాసేపు చూశారు. "ఎడంవైపుది. సన్నగా ఉంది కానీ వంపు బాగుంది. లావు అదే వస్తుంది" అన్నారు.

మామయ్య రంపం పెట్టి ఆగిపోయాడు. ఆరేళ్ల చెట్టు. తాతయ్య అడిగారు, "పళ్లెంలోకి ఎక్కి, నువ్వు చెప్పిన ఆ రూపం రావడానికి ఇంకా ఎన్నేళ్లురా?" మామయ్య మెల్లగా అన్నాడు, "పదిహేను పట్టొచ్చు నాన్నా." తాతయ్యకి ఇప్పుడు డెబ్బై అయిదు. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నారు. మేమెవరం మాట్లాడలేదు.

"అయితే ఇంకా ఆలస్యం ఎందుకు? కొయ్యి" అన్నారు.

రంపం మూడు నిమిషాల్లో పని పూర్తి చేసింది.

మన దగ్గర సంగతి

ఇది చదివి జపనీస్ మేపుల్ ఆర్డర్ పెట్టకండి. దానికి కొన్ని వారాల అసలైన చలి కావాలి. ఆ నిద్ర లేకపోతే ఏడాదికేడాది నీరసించి పోతుంది. మన మైదానాల ఎండకి ఆకుల అంచులు మాడిపోతాయి కూడా. మన దగ్గర రావి, జువ్వి, చింత, కాగితప్పూలు చక్కగా వస్తాయి. వాటికి ఆకులు మేపుల్‌లా ఎదురెదురుగా రావు, సమయాలు కూడా వేరు. కానీ వరస అదే: ముందు మొదలు, తర్వాత కొమ్మలు, చివర్లో సన్నని రెమ్మలు.

నా ఫైకస్‌ని పోయిన ఏడాది ట్రే నుంచి తీసి పెద్ద కుండీలో పెట్టాను. డాబా మీద ఎండలో ఉంది. అప్పటి నుంచి కత్తెర ముట్టుకోలేదు. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు దారం చుట్టి కొలిచాను. పెన్సిల్ లావు దాటింది, ఇప్పుడు నా బొటనవేలంత ఉంది. చూడటానికి అస్సలు బాగోలేదు. తాతయ్య మాత్రం బాగుందన్నారు.