మక్క కంకిలో ఖాళీ గింజలు ఏం చెబుతాయి?



ఆగస్టు వచ్చిందంటే మన వరంగల్, హనుమకొండ రోడ్ల పక్కన బొగ్గుల మీద మక్క కంకులు కాలుతుంటాయి. పిల్లలు స్కూల్ బస్సు దిగగానే అడిగేది కూడా అదే. ఈ నెల మన సైన్స్ పాఠం ఆ కంకి నుంచే మొదలవుతుంది. కానీ ముందు నా పొరపాటు ఒకటి చెప్పాలి.

గత నెల ఏడో తరగతి యూనిట్ టెస్టులో 'పంట దిగుబడి ఎందుకు తగ్గుతుంది?' అనే ప్రశ్న ఇచ్చాను. ఒక విద్యార్థి 'రైతులకు చదువు, అవగాహన లేకపోవడం వల్ల' అని రాశాడు. గైడ్లలో తరచుగా కనిపించే జవాబే. నేను టిక్ పెట్టి ఫుల్ మార్కులు వేశాను. ఆ ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు మిగతా పేపర్లు దిద్దుతూ ఆ జవాబు గురించి మా బాపుకు చెప్పాను. ఆయనకు రెండెకరాల చెల్క ఉంది. ఏటా వానాకాలంలో మక్క వేస్తారు. నా బీఎడ్ ఫీజు కట్టింది ఎనుమాముల మార్కెట్లో మక్కలు అమ్మిన డబ్బుతోనే.

బాపు కోపం చేయలేదు. 'నేను సదువుకోలేదు, నిజమే బిడ్డా. గని మక్కకు నీళ్లు ఎప్పుడు కావాల్నో నాకు ఎర్కనే. ఎర్కలేనిది వానకే' అన్నారు.

ఆ మాటలో ఎంత సైన్స్ ఉందో ఈ నెల మీతో పంచుకోవాలనుకున్నాను.

ఒక్కో పీచుకు ఒక్కో గింజ

మక్క చెట్టుకు మగ పూత, ఆడ పూత వేర్వేరుగా ఉంటాయి. చెట్టు కొసన కనిపించేది మగ పూత. పుప్పొడి అక్కడి నుంచి గాలికి రాలుతుంది. చెట్టు నడుమ ఆకు మొదట్లో వచ్చే కంకి ఆడ భాగం. కంకి ఒలిచేటప్పుడు మనం పడేసే పీచు ఉంది కదా, అందులో ప్రతి పోగూ ఒక గింజకు కట్టిన దారం లాంటిది. పీచు మీద పుప్పొడి పడి, అది ఆ పోగు వెంట లోపలికి చేరితేనే అక్కడ గింజ కడుతుంది. పడకపోతే ఆ చోటు ఖాళీ.

మామూలుగా విత్తిన 50, 55 రోజులకు పూత వస్తుంది. మగ పూత, పీచు రెండూ కొద్ది రోజుల తేడాతో రావాలి. ఆ సమయంలో నేలలో తడి లేకపోతే పీచు రావడం ఆలస్యమవుతుంది. అది బయటికి వచ్చేసరికి పుప్పొడి రాలిపోయి ఉంటుంది. ఎండ ఎక్కువైతే పుప్పొడి త్వరగా ఎండిపోయి పనికిరాకుండా పోతుంది. పీచు ముందు కంకి అడుగు నుంచి, చివరకు కొస నుంచి వస్తుంది. అందుకే వాన లేని ఏడాది కంకి కొసన గింజలు ఉండవు.

అంటే నూరు రోజుల పంటలో పూతకు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు అన్నింటికంటే ముఖ్యం. అప్పుడు ఒక్క మంచి వాన పడితే పంట నిలుస్తుంది. ఆ తర్వాత ఎంత పడ్డా ఖాళీ చోట గింజ రాదు.

ఇంకో సంగతి. మక్క నీటి ఎద్దడినే కాదు, నీరు నిలవడాన్ని కూడా ఓర్చుకోలేదు. మోకాలెత్తు పెరిగేలోపు చేనులో రెండు మూడు రోజులు నీళ్లు నిలిస్తే వేర్లకు గాలి ఆడదు, ఆకులు పసుపు పచ్చగా మారతాయి.

2023లో మన దగ్గర జరిగింది

ఆ ఏడాది రుతుపవనాలు ఆలస్యంగా వచ్చాయి. జూన్ మూడో వారం దాకా రైతులు మొగులు చూస్తూ కూర్చున్నారు. విత్తనం వేసిన కొన్నాళ్లకే జూలై చివరి వారంలో కుండపోత మొదలైంది. జూలై 27 ఉదయానికి 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణలో నమోదైన వానల్లో అది రికార్డు. అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వరద ముంచెత్తింది. మన నగరంలో కాలనీల్లోకి నీళ్లు రావడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

తర్వాత వచ్చింది ఆగస్టు. దేశం మొత్తం మీద చూస్తే 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత తక్కువ వాన పడిన ఆగస్టు మరొకటి లేదు. మన దగ్గర కూడా వాన మొహం చాటేసింది. జూలైలో నీట మునిగిన చేనే ఆగస్టులో పూత దశలో ఎండింది. మా బాపు ఆ ఏడాది కోసిన కంకుల్లో చాలా వాటికి కొస నుంచి రెండు మూడు వేళ్ల మందం గింజ లేదు. విత్తనం మంచిదే, ఎరువు వేళకే వేశారు, కలుపూ తీశారు.

సగటు చెప్పని విషయం

సీజన్ మొత్తం వాన లెక్క చూస్తే 2023 మన రాష్ట్రానికి కరువు సంవత్సరంలా కనిపించదు. ఎందుకంటే జూలై వాన ఆగస్టు లోటును లెక్కలో కప్పేసింది. మీ అబ్బాయికి నెల మొత్తం అన్నం ఒకే రోజు పెట్టి, మిగతా 29 రోజులు పస్తు ఉంచారనుకోండి. సగటు లెక్కలో ఏ లోటూ ఉండదు. పిల్లాడి సంగతి వేరే చెప్పాలా?

ఏ ఒక్క వాననో చూపించి 'ఇదే వాతావరణ మార్పు' అనలేం. కానీ దాని వెనక ఉన్న సూత్రం తేలికే. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. కాబట్టి పడినప్పుడు వాన గట్టిగా పడే అవకాశం పెరుగుతుంది. వాన లేని రోజుల్లో అదే వేడి గాలి నేలలోని తడిని వేగంగా లాగేస్తుంది.

ఈ కష్టం మన ఒక్కరిదే కాదు. మనకు అన్నం ఎలాగో ఆఫ్రికాలోని జాంబియా, మలావి, జింబాబ్వే ప్రజలకు మక్క పిండి వంట అలాగ. 2024 ఫిబ్రవరిలో అక్కడ పంట ఎదిగే వేళకు వాన మొండికేసింది. ఆ మూడు దేశాలూ విపత్తును ప్రకటించాల్సి వచ్చింది. అక్కడ కూడా ఎక్కువమంది మనలాగే చిన్న రైతులు, వాన మీద ఆధారపడ్డవారు.

మరి దారి ఏమిటి?

జూలై నీటిని ఆగస్టు దాకా దాచుకోవడం ఓరుగల్లుకు కొత్త కాదు. కాకతీయుల కాలపు రామప్ప, పాకాల చెరువులు ఆ పనే ఇప్పటికీ చేస్తున్నాయి. అయితే చెల్కల్లో చాలా వాటికి చెరువు నీళ్లు ఎక్కవు. అక్కడ చేను మూలన ఒక సేద్యపు కుంట తవ్వుకుంటే, పూత దశలో ఒక్క తడి ఇవ్వడానికి పనికొస్తుంది. బోదెలు తోలి వాటి మీద విత్తితే ఎక్కువ నీరు కాలువలో పోతుంది, తక్కువ వాన పడితే తడి అక్కడే నిలుస్తుంది. మక్క సాళ్ల మధ్య కంది వేస్తే, మక్క దెబ్బతిన్నా ఎక్కువ కాలం ఉండే కంది ఎంతో కొంత ఆదుకుంటుంది.

హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఆవరణలో సిమ్మిట్ అనే అంతర్జాతీయ మక్క, గోధుమ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎండను తట్టుకునే మక్క రకాల మీద పని చేస్తున్నారు. వాతావరణ శాఖ సలహాలు మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే వస్తున్నాయి. ఇవన్నీ మేలు చేసేవే. కానీ కుంటకు డబ్బు కావాలి, హైబ్రిడ్ విత్తనం ఏటా కొనాలి. తెలిసినంత మాత్రాన రైతు అన్నీ చేయలేడని కూడా పిల్లలకు చెప్పాలి.

ఇంట్లో చేసి చూడండి

1. రెండు పచ్చి కంకులు తెచ్చి పిల్లలతోనే ఒలిపించండి. పీచు పోగు ఒకటి మెల్లగా పట్టుకుని అది ఏ గింజ దగ్గరికి వెళ్తుందో చూడమనండి.

2. గింజల వరుసలు లెక్కపెట్టమనండి. 12, 14, 16 ఇలా దాదాపు ఎప్పుడూ సరి సంఖ్యే వస్తుంది. ఒక వరుసలో గింజలు లెక్కపెట్టి, వరుసల సంఖ్యతో గుణిస్తే కంకిలో మొత్తం గింజలు సుమారుగా తెలుస్తాయి. ఖాళీ చోట్లను వేరుగా లెక్కించాలి.

3. పెద్ద పిల్లలకు ఒక లెక్క: చదరపు మీటరు మీద 1 మిల్లీమీటర్ వాన అంటే 1 లీటరు నీరు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. 65 సెంటీమీటర్ల వానకు ఎకరంలో ఎన్ని లీటర్లు పడ్డట్టు? (జవాబు 26 లక్షలు దాటాలి.)

4. ఇంకో లెక్క: ఎకరానికి 20 క్వింటాళ్లు రావాల్సిన చోట నాలుగో వంతు గింజ కట్టలేదనుకుందాం. 2025–26 మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. రైతుకు పోయింది ఎంత? (12,000 రూపాయలు. ఖర్చు మాత్రం తగ్గదు.)

5. ఊళ్లో తాతయ్యో, అమ్మమ్మో, పెదనాన్నో వ్యవసాయం చేస్తుంటే పిల్లలతో ఫోన్ చేయించండి. 'మీ చిన్నప్పుడు వాన ఎట్లా పడేది, ఇప్పుడు ఎట్లా పడుతోంది?' అని అడిగి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాయమనండి.

సోమవారం క్లాసులో ఆ పేపర్ గురించి పిల్లలకు చెప్పాను. ఆ విద్యార్థి మార్కులు తగ్గించలేదు, ఎందుకంటే సరిచూడకుండా టిక్ పెట్టింది నేను. పేరు చెప్పకుండా జవాబు మాత్రం బోర్డు మీద రాసి, 'రైతు అన్నీ సరిగ్గా చేసినా పంట ఎందుకు తగ్గవచ్చు?' అని కొత్త ప్రశ్న ఇచ్చాను. వెనక బెంచీ నుంచి ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి లేచి, 'టీచర్, మా తాతయ్య కూడా మక్కే వేస్తాడు' అంది. ఆ రోజు మిగతా పాఠం సగం ఆ పాపే చెప్పింది.

మీ పిల్లలు రాసుకొచ్చే జవాబుల కోసం ఎదురుచూస్తుంటాను.

మీ పిల్లల సైన్స్ టీచర్,
వరంగల్ బ్రాంచ్