తీగకు గుచ్చిన కాగితాలు

సందేహం: మా అత్తగారి మండువా ఇల్లు బాగుచేయిస్తుంటే అటక మీద ఇనప తీగకు గుచ్చిన కాగితాల కట్ట దొరికింది. శిస్తు రసీదులు, శుభలేఖలు, నాటకాల కరపత్రాలు, ‘కీలుగుఱ్ఱం’ పాటల పుస్తకం ఉన్నాయి. తీగ తుప్పుపట్టింది. అన్నీ ఊడదీసి రకాలవారీగా సర్దనా? – ఒక గృహిణి, ముసునూరు

సమాధానం: ఆగండమ్మా! ఏ కాగితం ముందొస్తే అది ముందు గుచ్చేవారు కనుక అడుగున పాతవి, పైన కొత్తవి ఉంటాయి. తేదీ చిరిగిపోయిన రసీదు ఏనాటిదో దాని పైనా కిందా ఉన్నవే చెబుతాయి. రకాలవారీగా సర్దారో, ఆ సాక్ష్యం పోయినట్టే. ముందు కట్టను ఉన్నదున్నట్టు ఫోటో తీయండి. తుప్పు అంటుకున్న చోట కాగితాన్ని లాగకుండా తీగనే ముక్కలుగా కత్తిరించండి. తీసినదాని వెనక మూలన పెన్సిలుతో వరస నంబరు వేయండి. బాల్‌పెన్ను వద్దు.

తేదీ లేనివాటికి చిన్న గుర్తులున్నాయి. లెక్క అణాల్లో ఉంటే దాదాపుగా 1957 ఏప్రిల్‌కు ముందుది, నయాపైసల్లో ఉంటే ఆ తర్వాతది. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు దాటినట్టు. శుభలేఖలో ‘పార్థివ నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటే 1945-46 కావచ్చు, 2005-06 కావచ్చు; కాగితం చూస్తే ఆ అనుమానం ఎవరికైనా తీరిపోతుంది.

కరపత్రంలో అందరూ నటుల పేర్లే చదువుతారు. మీరు అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవండి. అచ్చువేసినవారి పేరు, ఊరు వేయాలని 1867 నాటి చట్టం శాసించింది. మీ ఊరి నాటకానికి అచ్చుపని నూజివీడులో జరిగిందా, ఏలూరులోనా, బెజవాడలోనా అన్నది అక్కడ తెలుస్తుంది.

శిస్తు రసీదుకు తలకట్టు ముఖ్యం. నూజివీడు జమీందారీ పంపకాల్లో ముక్కలై ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు వంటి ఎస్టేటులుగా విడిపోయింది. మీ పొలం ఎవరి వాటాలో ఉండేదో ఆ పై వరస చెబుతుంది. 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టం అమలయ్యాక రసీదు సర్కారు పేరు మీదికి మారుతుంది. ఇక పాటల పుస్తకాన్ని సినిమా పిచ్చి కింద కొట్టేయకండి. 1949లో వచ్చిన ‘కీలుగుఱ్ఱం’కు నిర్మాత, దర్శకుడు మీకు దగ్గరి మీర్జాపురం రాజావారే. రసీదూ పాటల పుస్తకమూ ఒకే తీగ మీద ఉండడం నాకు భలే నచ్చింది.

సందేహం: మా ఇంట్లో పెళ్లి పత్రికలన్నీ ఉన్నాయి కానీ పెదతాతగారు ఎప్పుడు పోయారో చెప్పే ముక్క ఒక్కటీ లేదు. ఎందుకని? – విశ్రాంత ఉపాధ్యాయుడు, ముసునూరు

సమాధానం: ఉండదు మాస్టారూ. మూలలకు పసుపు రాసిన శుభలేఖను దాచుకుంటాం. చావు కబురు ఉత్తరాన్ని చదివి, చించి అవతల పారేసేవారు. అందుకే మన ఇళ్ల కాగితాల్లో పెళ్లిళ్లే తప్ప చావులు కనబడవు. మీరు శిస్తు రసీదులు వరసగా పెట్టి చూడండి. పెదతాతగారి పేరు పోయి కొడుకు పేరు ఎక్కడ మొదలైందో, ఆ ముందు ఏళ్లలో వెతకాలి. తర్వాత జనన మరణాల రిజిస్టరు అడగండి. ఏడాది తెలిస్తే రిజిస్టరు చూసేవాళ్లకూ వెతకడం తేలిక.

సందేహం: మా పెంకుల మీద 1865 అని ఉంది. ఇల్లు అప్పటిదేనా? – ఒక మామిడి రైతు

సమాధానం: కాదండీ. అది బాసెల్ మిషన్ వారు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడు. ఆ అంకెను తర్వాత కూడా పెంకుల మీద అచ్చు గుద్దుతూనే వచ్చారు. పక్కన ‘కామన్‌వెల్త్’ అని ఉంటే మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి పెంకు. అయినా పెంకు వయసు కప్పుదే, గోడది కాదు. ఆ గోడలు సున్నంతో కట్టినవైతే సిమెంటు పూయించకండి. చెమ్మ బయటికి పోయే దారి లేక లోపలే ఉండి పెచ్చులూడతాయి. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరికేదాకా ఆగినా నష్టం లేదు.

సందేహం: పాత కరపత్రాలు లామినేషన్ చేయించవచ్చా?

సమాధానం: వద్దు. ఆ వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. సెల్లోటేపు కూడా వద్దు. మడతలు విప్పి, గుండుసూదులు తీసి, ఒక్కోదాన్ని తెల్లకాగితం మడతలో పెట్టి, చెమ్మా చెదలూ తగలని పెట్టెలో ఉంచండి. ఇంట్లో చోటు లేకపోతే వేటపాలెం సారస్వత నికేతనం వంటి పాత గ్రంథాలయాన్ని అడిగి చూడండి. ఇచ్చే ముందు స్కాన్ చేయించుకోండి.