పెసరట్టు పార్సిల్‌కి అల్లం పచ్చడి సాచెట్: ఇంట్లో మొదలుపెట్టడం ఎలా?

అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో పొద్దున్న ఏడింటికి టిఫిన్ హోటల్ ముందు నిలబడండి. అట్టు పార్సిల్ చక్కగానే కడతారు. పచ్చడి దగ్గరే చిక్కు. పల్చటి ప్లాస్టిక్ కవరు అంటుకుపోయి తెరుచుకోకపోతే నోటితో ఊదుతారు, వేడి పచ్చడి అందులో పోసి దారం చుడతారు, అదే చేత్తో డబ్బులు పుచ్చుకుంటారు. ఇంటికెళ్లేసరికి సగం కారిపోతుంది. పిల్లలు తినే తిండి ఇంత అజాగ్రత్తగా ఇంటికి చేరకూడదు. ఒక మనిషికి ఒక పూటకు సరిపడే పచ్చడిని శుభ్రంగా సీలు వేసి ఇవ్వగలిగితే హోటల్‌కి పని తగ్గుతుంది, తినేవాళ్లకు భయం ఉండదు, పచ్చళ్లు పట్టడం వచ్చిన ఇల్లాలికో డ్వాక్రా సంఘానికో నాలుగు డబ్బులు వస్తాయి.

చిన్న ప్యాకెట్ మనకు కొత్తేమీ కాదు. తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ షాంపూని సాచెట్‌లో పెట్టి పల్లెలకు తెచ్చారు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో పెట్టిన కంపెనీ ఇప్పటి కెవిన్‌కేర్. అదే కంపెనీ తండ్రి పేరు తలపించే ‘చిన్నీస్’ పేరుతో ఊరగాయలూ అమ్మింది. మన దగ్గర 1980లో మొదలైన ప్రియా పచ్చళ్లు తెలియని వాళ్లుండరు. రైల్లో భోజనం తీసుకుంటే పక్కన ఊరగాయ ప్యాకెట్ వస్తుంది. పెద్ద కంపెనీలు యంత్రాలతో చేసే ఆ పనిని ఇంటి స్థాయిలో, చేతి సీలర్‌తో, ఎవరికీ హాని కలగకుండా చేయడం ఎలాగో చూద్దాం.

ముందు ఏ పచ్చడి?

అందరూ మొదట మెషీన్ ఎంతకొస్తుందని అడుగుతారు. అది చివరి ప్రశ్న. సాచెట్‌లో ఏం పెడుతున్నారన్నదే మొదటిది, ముఖ్యమైనది.

కోనసీమ కాబట్టి ఎవరి మనసైనా కొబ్బరి పచ్చడి మీదికే పోతుంది. దాన్ని సాచెట్‌లో పెట్టకండి. పచ్చికొబ్బరిలో తేమ ఎక్కువ, పులుపు తక్కువ. మన ఎండాకాలంలో పొద్దున్న రుబ్బింది మధ్యాహ్నానికే పాడవుతుంది. సీలు వేస్తే ఇంకా ప్రమాదం. గాలి తగలని చోట, పులుపు లేని తేమలో బొటులినం అనే సూక్ష్మజీవి పెరిగి విషం తయారుచేస్తుంది. దాని బీజాలు మరిగే నీళ్లలో కూడా చావవు. వాసనలో, రుచిలో తేడా తెలియకపోవచ్చు కూడా. పచ్చి వెల్లుల్లి నూనెలో వేసి మూసి ఉంచడంలో ఉన్న ప్రమాదం కూడా ఇదే. పులుపు సరిపడా ఉంటే, అంటే పీహెచ్ 4.6 కంటే తక్కువుంటే, ఆ జీవి పెరగలేదు. సాచెట్ పచ్చళ్లకు ఈ అంకె లక్ష్మణరేఖ. మీరు 4 లోపే ఉండేట్టు చూసుకోండి.

కొబ్బరి పొడి తేమ లేనిది కదా అంటారా? కొబ్బరి కొవ్వులో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. కాస్త తేమ తగిలి బూజు మొదలైతే ఆ కొవ్వు విడిపోయి సబ్బు వాసన వస్తుంది. మన గాలిలో ఉండే తేమకి ఇది తొందరగానే జరుగుతుంది. అనుభవం వచ్చాక చూసుకోవచ్చు.

ఆవకాయ నిలవుంటుంది గానీ, టెంకతో ఉన్న ముక్క పదిహేను గ్రాముల ప్యాకెట్‌లో పట్టదు. పట్టినా టెంక అంచు కవరుకి చిల్లు పెడుతుంది. జాడీలో పెట్టి వాసెన కట్టుకునే పచ్చడిని అక్కడే ఉండనివ్వండి. రొయ్యల పచ్చడి, మాంసం పచ్చళ్లు మొదటి ఏడాది జోలికే పోవద్దు.

మొదలుపెట్టడానికి అన్నిటికంటే మంచిది అల్లం పచ్చడి. గోదావరి జిల్లాల్లో పెసరట్టుకి అదే జత. చింతపండు పులుపు, బెల్లం, ఉప్పు, ఉడకడం వల్ల తగ్గే తేమ – నాలుగూ కలిసి కాపాడతాయి. మెత్తగా ఉంటుంది కాబట్టి నింపడం తేలిక. చేయి తిరిగాక పండుమిర్చి, గోంగూర, తొక్కు మాగాయ.

చోటు, నీళ్లు, చేతులు

ఇంటి వంట జరిగే వేళ ఈ పని వద్దు. ఒక గది గానీ, కనీసం తలుపు వేసుకోగలిగిన వంటిల్లు గానీ కావాలి. కిటికీలకు దోమతెర, స్టీలు బల్ల, తలకు టోపీ. గోళ్లు కత్తిరించుకోవాలి, ఉంగరాలు, గాజులు తీసేయాలి. జ్వరం, విరేచనాలు, చేతికి తెగిన గాయం ఉన్న మనిషి ఆ రోజు లోపలికి రాకూడదు, సంఘం లీడరైనా సరే. గ్లవ్స్ వేసుకుని ఫోన్ పట్టుకుంటే గ్లవ్స్ వేసుకోనట్టే లెక్క, మార్చాలి.

సఖినేటిపల్లి, మలికిపురం, అంతర్వేది వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. పచ్చడిలోకి, ఆఖరి కడుగుకి శుద్ధి చేసిన నీళ్లే వాడండి. గిన్నెలు, గరిటెలు, బల్ల సబ్బుతో కడిగాక 4 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 5 మిల్లీలీటర్లు 4 లీటర్ల నీళ్లలో కలిపి తుడిచి, మంచి నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఆరడం అన్న మాట మీద ఎంత పట్టుబట్టినా తక్కువే. తడి గరిటె ఒక్కటి చాలు, గిన్నె పచ్చడి మొత్తం బూజు పట్టడానికి.

పచ్చడి

మొదటి విడతకి పావుకిలో అల్లం, పావుకిలో చింతపండు, 350 గ్రాముల బెల్లం, 100 గ్రాముల ఎండుకారం, 100 గ్రాముల ఉప్పు, 200 గ్రాముల పప్పునూనె. అల్లం మట్టి పోయేదాకా మూడు నాలుగు నీళ్లలో కడిగి, చెక్కు తీసి, మళ్లీ కడిగి గుడ్డ మీద ఆరబెట్టండి. అల్లం మట్టిలోంచి వస్తుంది, బొటులినం బీజాలుండేదీ మట్టిలోనే. ముక్కలు కొద్ది నూనెలో వేయించాలి. చింతపండు మరిగే నీళ్లలో నానబెట్టి గుజ్జు తీయాలి. అన్నీ కలిపి మెత్తగా రుబ్బి, సన్నటి మంట మీద నూనె పైకి తేలేదాకా ఉడికించి పోపు కలపాలి. పోపులో ఆవాలు కూడా నలిగి ఉంటే మంచిది. గింజ సీలు మధ్యలో ఇరుక్కుంటే కారడానికి దారి దొరికినట్టే.

ఇంటి రుచి కోసం పులుపు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వేసే చేయి అమ్మకానికి పనికిరాదు. ప్రతిదీ తూచి వేయాలి, రాసుకోవాలి.

పీహెచ్ కొలవడానికి రంగు మారే కాగితాలు వద్దు, పచ్చడి రంగే వాటికి అంటుకుంటుంది. చిన్న డిజిటల్ మీటర్ కొని, దానితో వచ్చే 4, 7 ద్రావణాల్లో ముందు సరిచూసుకోండి. కొంచెం పచ్చడి డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, పైన తేలిన నూనె తీసేసి, అప్పుడు మీటర్ ముంచాలి. నూనె అంటితే అంకె తప్పు చూపిస్తుంది.

కవరు

కిరాణా కొట్లో దొరికే పల్చటి పాలిథిన్ కవరు దీనికి చాలదు. నూనె, కారం వాసన దాన్ని దాటి బయటికి వస్తాయి, గాలి లోపలికి పోతుంది. పొరలు కలిపిన లామినేటెడ్ పౌచ్ అడగండి: బయట అచ్చు పడే పాలిస్టర్, లోపల సీలు అతుక్కునే పాలిథిన్, రెంటి మధ్య నైలాన్ గానీ మరో అడ్డు పొర గానీ. అల్యూమినియం రేకు ఉన్నది గాలిని బాగా ఆపుతుంది. అయితే పచ్చడిలో ఉప్పూ పులుపూ పొరల్లోంచి దిగి, నెలల మీద రేకుని తినేస్తాయి, పొరలు విడిపోతాయి. కాబట్టి “పులుపు, నూనె ఉన్న పచ్చడికి, వేడి నీళ్లలో ముంచుతాం” అని స్పష్టంగా చెప్పి కొనాలి. ఆహారానికి తగినదేనన్న సర్టిఫికెట్ సరఫరాదారు దగ్గర తీసుకుని దాచండి. మూడు వైపులా సీలు వేసి వచ్చే ఆరు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిది సెంటీమీటర్ల పొడవు పౌచ్ పదిహేను గ్రాములకి సరిపోతుంది.

నింపడం, సీలు

కారిపోయే సాచెట్లలో ఎక్కువ భాగానికి కారణం మెషీన్ కాదు, మూతికి అంటిన నూనె. చెంచాతో నింపితే అది తప్పదు. బేకరీల్లో కేకు మీద క్రీము వేసే కోను తీసుకుని, మొన కవరు అడుగుదాకా దించి, నొక్కుతూ పైకి లాగండి. మూతి పొడిగా ఉంటుంది. పైన రెండు సెంటీమీటర్లు వదలాలి. ఒక గ్రాములో పదో వంతు చూపే త్రాసు మీద పెట్టి, 15 గ్రాములు పడిందో లేదో చూడాలి. వేళ్లతో మెల్లగా నొక్కి గాలి బయటికి పంపి, చేతి సీలర్‌తో మూతి మూయండి. వేడి డయల్ ఎంత పెట్టాలో ఖాళీ పౌచ్‌ల మీద ముందే చూసుకోవాలి. తక్కువైతే చేత్తో లాగితే ఊడుతుంది, ఎక్కువైతే ముడతపడి అంచు దగ్గర తెగుతుంది. మొదటి గీత పక్కనే రెండో గీత కూడా వేస్తే నిశ్చింత. పైన చెప్పిన కొలతకి సుమారు 80 సాచెట్లు వస్తాయి.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని. బెల్లం ఉన్న పచ్చడిలో ఈస్టు మిగిలితే పులిసి సాచెట్ ఉబ్బుతుంది. పెద్ద సీసాలో వేడివేడిగా నింపి మూత పెడితే ఆ వేడే పని చేస్తుంది. పదిహేను గ్రాములు మాత్రం నింపుతుండగానే చల్లారిపోతుంది. అందుకని సీలు వేశాక, సాచెట్లను జల్లెడ బుట్టలో పరిచి 85 నుంచి 90 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు ముంచి ఉంచాలి. థర్మామీటర్ తప్పనిసరి, అంచనా పనికిరాదు. తర్వాత శుభ్రమైన చల్లటి నీళ్లలో వేసి, తీసి, ఫ్యాను కింద ఆరబెట్టాలి. పులుపు తగినంత ఉన్న ఉడికిన పచ్చడికే ఇది సరిపోతుంది. కొబ్బరి పచ్చడికి ఈ వేడి రక్షణ ఇవ్వదు.

ఆ నీళ్లలోనే పరీక్ష కూడా అయిపోతుంది. బుడగలు వచ్చిన సాచెట్, నీళ్లలో ఎర్రటి నూనె వదిలిన సాచెట్ పక్కన పడేయండి. మిగిలినవాటిలో కొన్ని తీసి బల్ల మీద పరిచి పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచాలి. కింద వేసిన కాగితం మీద నూనె మరక కనిపిస్తే ఆ విడత అమ్మకానికి వెళ్లకూడదు.

అనుమతి, లేబుల్

ఎంత చిన్న వ్యాపారమైనా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. ఫాస్కోస్ వెబ్‌సైట్‌లో మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. పద్నాలుగు అంకెల నంబరు ఇస్తారు. అమ్మకాల పరిమితి, ఫీజు అప్పుడప్పుడు మారుతుంటాయి, దరఖాస్తు రోజున చూసుకోండి. 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద యూనిట్ ఖర్చులో 35 శాతం, 10 లక్షలు మించకుండా సబ్సిడీ పెట్టారు. సంఘం సభ్యురాలికి 40 వేల దాకా మూలధనం కూడా. ఇప్పుడు ఏది అమల్లో ఉందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.

లేబుల్ నియమాల్లో చిన్న ప్యాకెట్‌కి కొంత సడలింపు ఉంది. 2020 నాటి నియమాల ప్రకారం మొత్తం ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్లు మించకపోతే దినుసుల జాబితా, బ్యాచ్ నంబరు, పోషక విలువలు లోపలి సాచెట్ మీద లేకపోయినా బయటి పెట్టె మీద ఉండాలి. మన పౌచ్ రెండు వైపులా కలిపి 96. తేదీలకు సడలింపు 30 చదరపు సెంటీమీటర్ల కంటే చిన్నవాటికే, కాబట్టి తేదీ సాచెట్ మీదే వేయాలి. తూనికల నియమాల్లో మినహాయింపు పది గ్రాముల లోపుకి ఉంది, పదిహేనుకి లేదు. బరువు, ధర, మీ చిరునామా ఉండాలి. శాకాహారపు ఆకుపచ్చ గుర్తు మర్చిపోవద్దు. పోపులో ఇంగువ వేస్తే డబ్బా వెనక చదవండి. చాలా రకాల్లో గోధుమపిండో మైదానో కలుస్తుంది, అది పడని వాళ్లుంటారు. లేబుల్ మీద రాయాలి. వేరుశనగ నూనె వాడితే అదీ అంతే.

బ్యాచ్ నంబరు సడలింపు ఉన్నా సాచెట్ మీద వేయమనే నా సలహా. పెట్టె చింపి పడేశాక ఏ రోజు సరుకో చెప్పేది అదొక్కటే.

నిలవ ఎన్నాళ్లు?

పొరుగువాళ్ల లేబుల్ చూసి “ఆరు నెలలు” అని రాసేయడం మోసం. మొదటి విడత అమ్మకండి. గదిలోనే ఉంచి వారానికి, రెండు వారాలకు, నెలకు, రెండు నెలలకు కొన్ని తెరిచి ఉబ్బు, వాసన, రంగు, పీహెచ్ చూసి రాయండి. ఒకసారి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో సూక్ష్మజీవుల పరీక్ష, పీహెచ్, తేమ పరీక్ష చేయించండి. ఆ ఖర్చు తగ్గించుకోవద్దు. రెండు నెలలు బాగుంటే నెల అని రాయడం తినేవాళ్లకు మీరిచ్చే గౌరవం.

ఎవరికి అమ్మాలి?

పార్సిళ్లున్న టిఫిన్ హోటళ్లకి, వాడపల్లిలో ఏడు శనివారాల మొక్కుకి వచ్చే భక్తులకి, అప్పనపల్లి, అయినవిల్లి, అంతర్వేది యాత్రికులకి, దిండి వచ్చే సందర్శకులకి. కువైట్, మస్కట్, దుబాయ్‌లలో పనికి వెళ్లిన కోనసీమ వాళ్లు ఎంతమందో. ఒకే గదిలో నలుగురుండే చోట పెద్ద సీసా ఒక్కసారి తెరిస్తే అందరి చెంచాలూ పడతాయి. వాళ్లకి సాచెట్ నిజంగా ఉపయోగం.

హోటల్లో కూర్చుని తినేవాళ్లకి మాత్రం అమ్మకండి. అక్కడ మూతున్న గిన్నె, పొడి చెంచా చాలు. ఈ పొరల కవర్లు కరిగించి మళ్లీ వాడటం కష్టం, చివరికి మన పంట కాలవల్లోనే తేలుతాయి. యజమాని ఎక్కువ ఆర్డరు ఇస్తానన్నా ఈ మాట చెప్పండి. వాడేసిన సాచెట్లు వేయడానికి ఒక డబ్బా పెట్టమనండి, సరుకు ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా అది మీరే తెచ్చుకుని పంచాయతీ చెత్త సేకరణకి ఇవ్వండి.

ప్రతి విడతలో పది సాచెట్లు మీ దగ్గరే ఉంచుకోండి. ఏ తేదీన ఎన్ని చేశారు, ఏ హోటల్‌కి ఎన్ని ఇచ్చారు అన్నది ఒక నోటుబుక్కులో ఉండాలి. ఒక్క సాచెట్ ఉబ్బిందని ఎవరైనా ఫోను చేస్తే రుచి చూడొద్దని చెప్పి, అదే నంబరు సరుకు ఎక్కడెక్కడ ఉందో ఆ పుస్తకంలో చూసి, సాయంత్రంలోగా అన్నిచోట్ల నుంచీ వెనక్కి తెప్పించి, డబ్బు తిరిగి ఇచ్చేయండి.